రాటుదేలిన గుండె యనెడు అపోహ

‘పోలీసోనికి ఇవన్నీ అలవాటే లేబ్బా’ యను మాట పత్తికొండ చాయ అంగళ్లలోనే గాక చదువుకొన్నవారి గోష్ఠులలోను తరచుగా వినవచ్చుచుండును. హత్యలు చూచి చూచి, శవములకు కావలి యుండి యుండి, వేటకొడవళ్ల నడుమ నిలిచి నిలిచి వాని గుండె రాటుదేలునని, అట్లు రాటుదేలుటయే వృత్తికి వలసిన గుణమని, రాటుదేలనివాడు ఆ కొలువునకు తగడని లోకము నిశ్చయించుకొన్నది. ఈ నిశ్చయము శాస్త్రవిరుద్ధమనియు, దీనివలన మనుష్యులు లోలోపల నశించుచున్నారనియు నా వాదము.

ఈ సీమలో పోలీసుపని యెట్టిదో తెలియుటకు రెండు సంగతులు చాలును. 2008 మే 17వ తేదీన దేవనకొండ మండలమున ఫ్యాక్షను నాయకుడు కప్పట్రాళ్ల వెంకటప్పనాయుడును, ఆయన అనుచరులును కలిసి 11 మంది ఒక్కనాడే హతులైరి. 2017 మే 21న కృష్ణగిరి మండలమున పత్తికొండ నియోజకవర్గ నాయకుడు చెరుకులపాడు నారాయణరెడ్డియు, వెంటనున్న అనుచరుడును హత్యకు గురియైరి. హతులను, హంతకులను మనము నేటికిని చెప్పుకొనుచున్నాము. ఆ దేహములచెంత పంచనామాకు నిలిచినవారును, పగ తిరిగి రగులునేమోయని అటుపిమ్మట పికెట్లలో రాత్రులు గడపినవారును మన స్మృతిలో లేరు. ఫ్యాక్షను తగ్గినను ఆ పని తప్పలేదు. అప్పులపాలై ఉరివేసికొన్న రైతు, లారీక్రింద నలిగిన కుర్రవాడు, బావిలో దూకిన తల్లి, వీరందరి శవపంచనామాయు, మునుపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షను క్రిందను, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను క్రిందను, ఠాణా చేయవలసినదే.

అలవాటుపడుట యనగా, ఒక వస్తువు తనకు హాని చేయదని శరీరము నేర్చుకొనుట. రైలుకట్ట ప్రక్క కాపురమున్నవాడు రైలుకూతకు మేల్కొనకుండుట అందువలననే. కాని నాటుబాంబు నిజముగా చంపునది. దానిని ఎదుర్కొన్న ప్రతిపర్యాయము శరీరము మరింత త్వరితముగా సన్నద్ధమగుటను నేర్చును. ఆ సన్నాహము డ్యూటీ ముగిసి ఇల్లు చేరిన పిమ్మటను అణగదు. పెండ్లి ఊరేగింపున టపాకాయ పేలినచో ఉలికిపడుట, నిద్రపట్టకుండుట, బిడ్డ ఏడ్చినంతనే కోపోద్రిక్తుడగుట, తుదకు దేనికిని మనస్సు చలింపకపోవుట, ఇవి యన్నియు దాని ఫలములు. ఈ కడపటిదానిని, అనగా మొద్దుబారుటను, లోకము రాటుదేలుటగా మెచ్చుకొనుచుండగా, వైద్యులు రోగలక్షణముగా పరిగణించుచున్నారు. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో ప్రకటించిన ఐదవ రోగనిర్ణయ గ్రంథము, ఆఘాతానంతర రుగ్మతకు హేతువులను చెప్పుచు, వృత్తిరీత్యా ఘోరములకు మాటిమాటికి గురియగుటను కూడ చేర్చి, బాలలపై జరిగిన హింసావృత్తాంతములను పదేపదే వినవలసివచ్చు పోలీసులను ఉదాహరణముగా పేర్కొన్నది.

ముప్పది యేండ్లు ఫ్యాక్షను గ్రామములలో పనిచేసి, ఏ వైద్యుని గడపయు త్రొక్కకయే పదవీవిరమణ పొందినవారు లేరా యని ప్రతివాదులు అడుగుదురు. కలరు, ప్రమాదమును చూచిన ప్రతివాడును రోగి కాడు, శిక్షణ మనిషిని నిలకడగా నిలుపుననుటయు నిజమే. కాని వైద్యుని చూడకుండుట ఆరోగ్యమునకు సాక్ష్యమెట్లగును? పిచ్చివాడను పేరు వచ్చుననియు, తుపాకి తీసికొందురనియు, ప్రమోషను పోవుననియు భయపడువాడు ఆసుపత్రికి పోవునా, మద్యపుటంగడికి పోవునా? ఆ త్రాగుడు ఫలమును అనుభవించునది భార్యాబిడ్డలు. మొద్దుబారిన మనస్సుతో కుర్చీలో కూర్చున్నవానియెదుట ఫిర్యాదుతో నిలిచిన స్త్రీ కన్నీరును వ్యర్థమగును గనుక, ఇది పోలీసు కుటుంబముల గోడు మాత్రమే యనుకొనుటకు వీలులేదు. మనస్సునకు తగిలిన గాయమును దోషముగా నెంచుట క్రొత్తగాదు. మొదటి ప్రపంచయుద్ధమున పిరికితనము, పలాయనము మున్నగు నేరములు మోపి తానే కాల్చివేసిన 306 మంది సైనికులకు బ్రిటను 2006లో క్షమాభిక్ష ప్రసాదించినది. తొంబది యేండ్లు ఆలస్యమైన ఆ వివేకము మనకును అంత ఆలస్యముగానే రావలెనా?

2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించిన వారపు సెలవు, ఏ జాతర బందోబస్తు వచ్చినను, ఏ నాయకుని పర్యటన వచ్చినను చెడకుండ ప్రతి కానిస్టేబులుకును దక్కవలెను. రక్తపోటును పరీక్షించునట్లే ఏటేట మనఃస్థితిని కూడ ఎస్పీ మొదలు హోంగార్డు వరకు అందరికిని పరీక్షింపవలెను. అందరును పోవుచోటికి పోవుటకు ఎవ్వడును సిగ్గుపడడు. ఆ పరీక్షకు గాని, చికిత్సకు గాని పోయినంతమాత్రమున ఎవ్వని సర్వీసు పుస్తకములోను ఒక్క అక్షరమును వ్రాయరాదని ప్రభుత్వము తక్షణమే లిఖితపూర్వకముగా ఉత్తరువు చేయవలెను.