దీవిలోనూ వంటిల్లేనా?

పిల్లల పరీక్షలు అయిపోతే చాలు, యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుంచి అమీర్‌పేట దాకా చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఈసారి ఎక్కడికి? ఒకప్పుడు తిరుపతి, లేదంటే అమ్మమ్మగారి ఊరు. కాస్త చేతిలో డబ్బు ఆడితే ఊటీ. ఇప్పుడు అండమాన్ మాట వినబడుతోంది. శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం, పాస్‌పోర్టు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ఈ దీవుల కోసం ఎల్‌టీసీలో ప్రత్యేక సడలింపును ఏళ్ల తరబడి పొడిగిస్తూ వస్తున్నారు. మంచిదే. ఇంటిల్లిపాదీ కలిసి సముద్రం చూసి రావడం కన్నా కావలసిందేముంది!

అయితే ఆ చర్చలో ఒక మాట దగ్గర కాస్త ఆగాలి. "హోటలెందుకు, వంటిల్లున్న ఇల్లే అద్దెకు తీసుకుందాం, ఖర్చు కలిసొస్తుంది" అంటారు ఇంటాయన. పిల్లలు సరేనంటారు. "బయటి తిండి నాకు పడదమ్మా" అంటారు అత్తగారు. అందరి మాటా సబబుగానే ఉంటుంది. ఆ కలిసొచ్చే ఖర్చు ఎక్కడినుంచి కలిసొస్తుందో మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. పొద్దున్నే లేచి ఉప్మా కలిపేదెవరు? బీచి నుంచి ఇసక కాళ్లతో వచ్చి "ఆకలి" అంటే స్టవ్వు వెలిగించేదెవరు? ఆదా అయిందనుకున్న ప్రతి రూపాయీ ఇల్లాలి రెక్కల్లోంచి వచ్చిందే కదూ. ఇక్కడి వంటగది వదిలి సముద్రం దాటి వెళ్లి అక్కడి వంటగదిలో నిలబడటానికి విమానం టికెట్టు ఎందుకు, చెప్పండి?

అలాగని వంటిల్లున్న ఇల్లు వద్దనడం లేదు. బియ్యం, పప్పు, ఉల్లిపాయల దగ్గర్నుంచి చాలా సరుకులు అక్కడికి ఓడల మీద రావలసిందే. అందుకే బయట భోజనం మనకు కాస్త భారంగానే తోస్తుంది. చంటిపిల్లలో, షుగర్ ఉన్న పెద్దవాళ్లో వెంట ఉంటే ఒక స్టవ్వూ, ఒక ఫ్రిజ్జూ నిజంగానే ఆదుకుంటాయి. అడ్వాన్సు పంపకముందే ఒప్పందం కుదుర్చుకోవాలి, అంతే. పొద్దున టీ, పాలు, బ్రెడ్డు ఇంట్లో. మధ్యాహ్నం బయట. రాత్రికి అన్నం, పెరుగు, మనం పట్టుకెళ్లిన కందిపొడి, ఆవకాయ. అన్నం వండే వంతు, గిన్నెలు కడిగే వంతు ఆయనదీ పిల్లలదీ. వినడానికి నవ్వులాటగా ఉన్నా, ఇది ఇక్కడే తేలకపోతే అక్కడ తేలదు.

ఇంటివాళ్లే భోజనం వండిపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. నన్నడిగితే అదే మేలు. కానీ గదికి అడిగినంతా ఇచ్చి, చేపల కూర భోజనం దగ్గర ఆ ఇంటావిడతో బేరమాడే వాళ్లున్నారు. ఆమె కూడా మనలాగే పొయ్యి దగ్గర నిలబడి వండింది. హేవ్‌లాక్ దీవిలో చాలా కుటుంబాలు దేశవిభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చి స్థిరపడ్డ బెంగాలీలవి. అక్కడి ఊళ్లనూ బీచిలనూ మూడో నంబరు, అయిదో నంబరు, ఏడో నంబరు అని పిలవడం ఇప్పటికీ ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో అయితే మనవాళ్లకు కొదవ లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా చెప్పుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడలెక్కి పనికోసం వెళ్లినవాళ్లూ, వాళ్ల పిల్లలూ ఎక్కువ. కూరల బజారులో తెలుగులో అడిగితే తెలుగులో జవాబు రావచ్చు. పేర్లు మారాయి, గుర్తుంచుకోండి. హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయ్యాయి. పోర్ట్‌బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది.

ఇల్లు ఖాయం చేసేముందు మీరే స్వయంగా ఫోన్ చేయండి. మగవాళ్లు ఏసీ ఉందా, సముద్రం కనిపిస్తుందా అని అడిగి ఊరుకుంటారు. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్లు రోజంతా వస్తాయా? చుట్టూ సముద్రమే అయినా వేసవిలో మంచినీళ్లకు కటకటే. బాత్‌రూము గదికి ఆనుకునే ఉందా, పెరడు దాటి వెళ్లాలా? తలుపుకు లోపలి గడియ గట్టిదేనా? ఇన్సులిన్ దాచే ఫ్రిజ్జు కరెంటు పోయినా పనిచేస్తుందా? పడవల రేవు నుంచి ఎంత దూరం, దారిలో దీపాలున్నాయా? ఇది చాదస్తం కాదు. ఆ దీవులు దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకని అయిదింటికే తెల్లారుతుంది, సాయంత్రం అయిదున్నర దాటితే చీకటే. మన లెక్కన టీ తాగే వేళకు అక్కడ బీచి ఖాళీ అవుతుంది. పడవ నడవకపోతే డబ్బు వాపసు ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి. ముందే మొత్తం సొమ్ము పంపమనే చోటికి అసలు వెళ్లకండి.

ఎప్పుడు వెళ్లాలన్నది పెద్ద చిక్కు. సముద్రం, ఎండ రెండూ అనుకూలించేది డిసెంబరు నుంచి మార్చి వరకు. అప్పుడు పిల్లలకు స్కూళ్లు. సంక్రాంతికి వెళ్దామంటే సెలవులు తక్కువ, టికెట్ల ధర ఎక్కువ. దసరాకి ఇంకా వానలు వదలవు. వేసవి సెలవుల్లోనైనా జాగ్రత్త కావాలి. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు మే నెలలోనే అండమాన్‌ను తాకుతాయి. మనకు ఎండలు మండిపోతుంటే అక్కడ వాన మొదలవుతుంది. కాబట్టి ఏప్రిల్ చివరి వారం, మహా అయితే మే మొదటి వారం. ఉక్కపోత ఉంటుంది, కాటన్ చీరలూ పంజాబీ డ్రస్సులే పట్టుకెళ్లండి.

సముద్రం అందంగా ఉందని నమ్మి దిగిపోకూడదు. ఏడో నంబరు బీచి రాధానగర్‌ను 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన తీరమంది. అదే తీరం దగ్గర 2010లో ఒక విదేశీ యువతిని మొసలి పొట్టనపెట్టుకుంది. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. పిల్లలు ఏరుకున్న పగడపు ముక్కలు సంచీలో దాచితే విమానాశ్రయంలో తీయిస్తారు, అది చట్టరీత్యా నేరం. బారాటాంగ్ దారిలో జారవాలు కనిపిస్తే ఫొటో తీయడం, బిస్కెట్లు విసరడం కూడా అంతే. ఏ తల్లయినా తన బిడ్డకు ఎవరో కారులోంచి తిండి విసిరితే ఒప్పుకుంటుందా?

ఇంటాయనకు సెలవు దొరకదంటారా? నలుగురు స్నేహితురాళ్లు కలిసి వెళ్లండి. కృష్ణకాంత్ పార్కులో రోజూ కలిసి నడిచేవాళ్లకు పడవెక్కడం పెద్ద పనా? అప్పుడు ఎవరు వండాలన్న గొడవ కూడా ఉండదు, ఎందుకంటే ఎవరూ వండరు!

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. హేవ్‌లాక్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు పడవలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. గాలి పెరిగితే ఆ పూట పడవే ఉండదు. తిరుగు విమానం ఎక్కే ముందురోజు రాత్రికే పోర్ట్‌బ్లెయిర్ చేరుకునేట్టు చూసుకోండి. ఆ సాయంత్రం సెల్యులార్ జైలు చూడొచ్చు.