అంగడిపెట్టెలోని ఋణపత్రములు

ఏ పట్టణమందైనను బట్టలకొట్టు నడుపు నొక చిన్న వర్తకుని యినుపపెట్టె తెఱచి చూచినచో, నగదుకంటె కాగితములే యధికముగా గానవచ్చును. ప్రోనోట్లు, హుండీలు, చెల్లక తిరిగివచ్చిన చెక్కులు, అరుదుగా నొకటి రెండు బాండ్లు. ఇవి యన్నియు నొరులు తనకీయవలసిన సొమ్మునకు గుఱుతులు. దేశమందలి చిన్న వ్యాపారులకడ నిట్టి పత్రము లెంత మొత్తమునకు గలవని యడిగిన, రూఢిగా జెప్పగలవారు లేరు. చిత్రమేమనగా, పెక్కు తావుల నా వర్తకుడే చెప్పజాలడు.

ఇది యల్పవిషయమని పాఠకులు తలపవలదు. జాతీయ గణాంక కార్యాలయమువారు 2023-24 సంవత్సరమునకు జరిపిన పరిశీలన ననుసరించి, సేద్యమును, కట్టడపుబనులను మినహాయింపగా, కంపెనీలుగా నమోదుకాని వ్యాపారసంస్థలు 7.34 కోట్లు. వానియందు పనిచేయువారు 12.06 కోట్ల మంది. ఇంతమంది జీవనమున కాధారమైన సంస్థల చేతిలోని ఋణపత్రములకు వేఱుగా నొక పద్దు లేకుండుట వింత గాదా?

దీనికి గారణము లేకపోలేదు. కంపెనీ యైనచో ఏటేట ఆస్తియప్పుల పట్టిక దాఖలు చేయవలెను. సొంతవ్యాపారి కట్టి నిర్బంధము లేదు. జాతీయాదాయ గణనమున నితని వ్యాపారమును గృహవర్గముననే చేర్తురు. కొట్టులోని ప్రోనోటును, ఇంటిలోని పొదుపును నొక్క రాశిలో గలసిపోవును. అమెరికాలో కేంద్రబ్యాంకువారు మూడుమాసముల కొకమారు ప్రకటించు ఆర్థిక పట్టికలలో నీ వర్గమునకు ప్రత్యేకస్థాన మిచ్చినారు. ఐనను వారికిని జిక్కు తప్పలేదు. భాగస్వామ్య సంస్థలు పన్ను నివేదికతో నాస్తిపట్టిక జతపఱచుచుండగా, ఏకవ్యక్తి వ్యాపారులు లాభనష్టములు మాత్రమే చూపుదురు. కావున వారి ఋణపత్రముల సంగతి యంచనాలపై నాధారపడవలసినదే.

లెక్కలేని సొత్తునకు రక్షణయు నుండదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము, సరకు కొన్నవారు 45 దినములకు మించకుండ సొమ్ము చెల్లింపవలెనని శాసించినది. అది యుత్పత్తిదారులకు, సేవలందించువారికి వర్తించును. వర్తకులను 2021లో నమోదుకు జేర్చుకొన్నను, బ్యాంకుఋణముల ప్రాధాన్యమునకు మాత్రమే చేర్చుకొనిరి గాని యీ రక్షణ నీయలేదు. తమకు రావలసిన బాకీ యింతయని యంకెలతో జూపజాలనివారి మొఱ యెవరి చెవిని బడును?

ఇక న్యాయస్థానముల వాకిట మేము తఱచుగా జూచు విషాదము వేఱొకటి. అడిగినతోడనే చెల్లింపవలసిన ప్రోనోటునకు వ్రాసిననాటినుండి మూడేండ్లలో దావా వేయవలెను. లేదా గడువు మీఱకముందే ఋణస్థునిచే సంతకముతో బాకీ యొప్పించుకొనవలెను. లేదా కొంత చెల్లు వ్రాయించుకొనవలెను. మొగమాటముచే నూరకున్న వర్తకుని పత్రమునకు గాలదోషము పట్టును. రెవిన్యూ స్టాంపు లేని ప్రోనోటు సాక్ష్యమునకు బనికిరాదు. తరువాత జరిమానా కట్టినను ఆ లోపము తీఱదు. 1932 నాటి భాగస్వామ్య చట్టము 69వ సెక్షను ననుసరించి, నమోదుకాని సంస్థ తన వ్యాపారపు టొప్పందముల హక్కులకై పరులపై దావా వేయజాలదు. దావా వేసిన పిమ్మట నమోదు చేయించుకొన్నను ఆ దావా నిలువదు. మరల వేయునప్పటికి గడువు దాటవచ్చును. తండ్రి చెమటోడ్చి కూర్చిన ధనము కుమారుని చేతికి చిత్తుకాగితమై వచ్చుట కింతకంటె వేఱు కారణ మక్కఱలేదు.

లెక్క యడిగిన పన్ను పైబడునని వర్తకులు జంకుదురు. ఆ భయము నిరాధారమని మేమనము. గణనకై సేకరించిన వివరములు గణనకే వినియోగపడవలెను. పన్నువసూలు కచేరికి బోరాదు. ఈ విశ్వాసము కలిగింపనిదే యే యధికారికిని నిజమైన జవాబు రాదు. ఐనను ఇతరులకు జెప్పుటకు వెఱచుట వేఱు, తనకుదాను లెక్క లేకుండుట వేఱు. మొదటిది జాగ్రత్త యనవచ్చును. రెండవది కేవల మజాగ్రత్త.

కావున ప్రభుత్వమునకు మా సూచన: రాబోవు పరిశీలనలలో వ్యాపారికి రావలసిన బాకీలను, అతని చేతనున్న ఋణపత్రములను ఇంటి సొత్తునుండి వేఱుపఱచి ప్రకటింపవలెను. వర్తకసంఘములకు మా విన్నపము: సభ్యుల సంస్థలను నమోదు చేయించుటకు బూనుకొనుడు. వర్తక సోదరులకు మా హితవు: చిట్టా, ఆవర్జాల ప్రక్కన నింకొక చిన్నపుస్తక ముంచుడు. పత్రము తేది, మొత్తము, తుది చెల్లు, గడువుదినము అను నాలుగు గడులు చాలును. నెలకొకమారు దానిని దిరుగవేయుడు.

దేశపు లెక్క దిద్దబడుటకు గాలము పట్టవచ్చును. మీ పెట్టెలోని లెక్క నీ సాయంకాలమే దిద్దుకొనవచ్చును.