కారే గోడకు కులం అంటగట్టొద్దు

బొర్రా గుహల్లో పైనుంచి నీటిచుక్క పడుతుంది. సున్నపురాయిని కరిగించుకుంటూ దిగిన ఆ చుక్కే వేల ఏళ్లలో రాతి స్తంభాలు కట్టింది. జనం టికెట్టు కొని చూసి పోతారు. అదే చుక్క మన పిల్లలు అద్దెకున్న గదిలో పడితే చూసే నాథుడు లేడు. గుహలో కారితే వింత. గదిలో కారితే రోగం.

అనంతగిరి, అరకు కొండల నుంచి చదువుకీ, కూలికీ, చిన్నాచితకా ఉద్యోగాలకీ మన పిల్లలు విశాఖపట్నం దిగుతున్నారు. పల్లపు ఊళ్ల మాల మాదిగ పిల్లలదీ అదే దారి. అక్కడ గది దొరకడమే గండం. ముందు "మీరేవుట్లు?" అన్న ప్రశ్న దాటాలి. దాటాక దొరికేది ఏ గది? పైవాళ్ల బాత్‌రూం కింది గది, ఎండ తగలని వెనక గది. గోడ చెమ్మెక్కుతుంది. మూలల్లో నల్లగా బూజు పడుతుంది. పిల్లకి దగ్గు తగ్గదు. ఓనరుకి చెప్తే ఏమంటాడు? "మీకు శుభ్రం తెలీదు. గదిలోనే వండుతారు, గదిలోనే బట్టలారేస్తారు."

వంట ఆవిరి, తడిబట్టలు చెమ్మ పెంచుతాయి, నిజమే. మరి పైపు పగిలిన గోడ కిటికీ తెరిస్తే ఆరిపోతుందా?

ఈ నింద మనకొక్కళ్లకే కాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బిడ్డ చనిపోయాడు. సూడాను నుంచి వచ్చిన కుటుంబం, అద్దె ఫ్లాటు. తండ్రి 2017లోనే బూజు గురించి మొరపెట్టుకున్నాడు. తప్పు మీ బతుకు తీరుదే అన్నట్టు మాట్లాడింది హౌసింగ్ సంస్థ. ఆ ఇంటి బూజే బిడ్డ ఊపిరి తీసిందని 2022 నవంబరులో మరణ విచారణ తేల్చింది. 2023లో ఆ బిడ్డ పేరనే చట్టం వచ్చింది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఆయాసం, ఊపిరి జబ్బులు ఎక్కువవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. అక్కడ వలస వచ్చినోళ్లన్న చులకన, ఇక్కడ కులం. నింద మాత్రం ఒక్కటే.

మనవాళ్లు నోరెందుకు మెదపరు? ఖాళీ చెయ్యమంటే మళ్లీ ఎక్కడికి పోవాలన్న భయం. 1917లో విదేశాల్లో చదివొచ్చిన బాబాసాహెబ్ అంబేడ్కర్‌కే బరోడాలో తల దాచుకోను గది దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ భయం మీదే నేటికీ ఓనరు బతుకుతున్నాడు. బాగుచెయ్యడు, అద్దె మాత్రం పెంచుతాడు.

అందుకే ముందు నీళ్లు ఎక్కడివో పట్టుకోండి. వాన పడ్డప్పుడే తడిస్తే స్లాబుని అనుమానించాలి. పైవాళ్లు స్నానం చేశాకే తడిస్తే వాళ్ల మురుగు పైపో, బాత్‌రూం నేలో. ఎప్పుడూ తడే అయితే నీళ్ల పైపు. మోటారు ఆపి, అన్ని కుళాయిలూ కట్టి, ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టండి. తెల్లారి చూస్తే తగ్గిందా? ఎక్కడో కారుతున్నట్టే. తడిసిన గోడకు స్విచ్చిబోర్డు ఉంటే ముట్టుకోకండి, మెయిన్ ఆపండి.

బూజు మీద రంగేస్తే దాగుతుంది, చావదు. కారడం ఆగాలి, గోడ ఆరాలి. ముక్కుకి గుడ్డ కట్టుకుని సబ్బునీళ్లతో తుడవాలి. రంగు ఆ తర్వాతే. బ్లీచింగునీ యాసిడ్‌నీ కలపకండి, విషవాయువు పుడుతుంది.

నోటి మాట నీటి మీద రాత. తేదీ వేసి చీటీ రాయండి, ఫొటో తీయండి, ఒక నకలు దగ్గరుంచుకోండి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ఏమంటోంది? ఓనరు చెయ్యాల్సిన మరమ్మతు నోటీసిచ్చినా తగిన గడువులో చెయ్యకపోతే, అద్దెకున్నవాడు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో వేరేలా రాసుంటే అదే చెల్లుతుంది. కనుక సంతకం పెట్టే ముందే చదివించుకోండి. నలుగురి ఎదుట కులం పేరుతో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

కానీ ఒంటరిగా చీటీ ఇచ్చినవాడి సామాను మర్నాడు రోడ్డు మీదుంటుంది. అందుకే సంఘం కదలాలి. పట్నంలో మనవాళ్లున్న గదుల లెక్క రాయాలి. ఏ ఇల్లు కారుతోంది, ఎవరు బాగుచేశారు, ఎవరు కులం అడిగారు, అన్నీ పుస్తకంలోకెక్కాలి. చీటీ ఇవ్వడానికి నలుగురు కలిసి వెళ్లాలి. పైపుల పని తెలిసిన మన కుర్రాళ్లని పిలవాలి.

బొర్రా జనానికి ఇది కొత్త కాదు. ఈ ప్రాంతపు గనుల లీజుల మీద పుట్టిన సమత కేసులోనే 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు సైతం తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. సర్కారు లీజునే నిలదీసిన కొండ మనది. పట్నంలో ఒక గది అద్దె కాగితం ముందు తల వంచుతామా?

నెలనెలా అద్దె కడుతున్నాం. అడిగేది దయ కాదు, పొడిగా ఉన్న గోడ.