పుస్తకానికి నెమ్మది దారి చాలు

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి, తపాలా శాఖ కార్యదర్శి గారికి,



విజయవాడలో ఇంటి నుంచే పాత తెలుగు పుస్తకాలు అమ్ముతుంటాను. లెనిన్ సెంటర్ దుకాణాల్లో, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల అటకల మీద, హైదరాబాదు వెళ్లినప్పుడు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికినవి తెచ్చుకుంటాను. దుమ్ము దులిపి, ఊడిన అట్టలు అతికించి, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. కావలసినవాళ్లు "నాకు" అని ఒక్క మాట రాస్తారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పోస్టేజీ ఎంతండీ?"

ఆ ప్రశ్న గురించే ఈ ఉత్తరం.

మొన్న భివండీ నుంచి ఒకాయన 70 రూపాయల నవల అడిగారు. వాళ్ల తాతగారు మగ్గం పని కోసం సిరిసిల్ల వైపు నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయారట. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం ఈయనతోనే ఆగిపోయేలా ఉందని బెంగ. నవల బరువు 260 గ్రాములు. అట్ట, పాలిథీన్ కవరు, టేపు కలిపితే వంటింటి త్రాసు మీద 290 వచ్చింది. 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన డాక్యుమెంట్ల స్పీడ్ పోస్టు పట్టికను కొలబద్దగా పెట్టుకుంటే, 251 నుంచి 500 గ్రాముల వరకు, 501 నుంచి 1000 కిలోమీటర్ల దూరానికి 82 రూపాయలు. పైన 18 శాతం జీఎస్టీ. అంటే దాదాపు 97. పుస్తకం కన్నా దాని ప్రయాణమే ఖరీదు. అదే ప్యాకెట్టు పుస్తకాల కోసం మీరు పెట్టిన జ్ఞాన్ పోస్టులో వెళ్తే 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్నులు అదనం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే ఆ పుస్తకం భివండీ చేరడమో, నా అలమారులో ఉండిపోవడమో తేలిపోతుంది.

చిన్న అమ్మకందారు రవాణా ఎలా ఎంచుకుంటారో ఒక్కసారి చెప్పనివ్వండి. ప్రైవేటు కొరియర్లకు సాధారణంగా మొదటి మెట్టే అరకిలో. పావుకిలో పుస్తకమైనా అరకిలో కిందే లెక్క. ఇంటికొచ్చి పట్టుకెళ్లే ఆన్‌లైన్ సర్వీసులు ఉన్నాయి, వాటి ధర మనం పంపే సంఖ్యను బట్టి దిగుతుంది. నెలకు వెయ్యి పెట్టెలు పంపేవాళ్లకు దొరికే రేటు నలభై ప్యాకెట్లు పంపే నాకు దొరకదు. మన రెండు తెలుగు రాష్ట్రాల లోపల పదిహేను ఇరవై పుస్తకాల కట్ట అయితే ఆర్టీసీ కార్గోలో వేస్తాను, బస్టాండుకు వచ్చి తీసుకోగలిగినవాళ్లకు అది బాగానే కుదురుతుంది. ఒంటరి పుస్తకం, దూరపు ఊరు అనేసరికి మాత్రం తపాలా వైపే చూడాలి.

పాడేరు అవతల ఒక చిన్న ఊళ్లో పనిచేసే టీచరుగారికి ఒకసారి పిల్లల కథల పుస్తకాలు కొరియర్‌లో పంపాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. "మీ ఊరికి మా సర్వీసు లేదు, మండల కేంద్రానికి వచ్చి తీసుకోండి" అని ఆవిడకు ఫోను వచ్చింది. బడి వదిలి వెళ్లడానికి ఆవిడకు వీలు కాలేదు. వారం తర్వాత కట్ట మూలలు నలిగి నా దగ్గరికే తిరిగొచ్చింది. మళ్లీ కట్టి, పిన్ కోడ్ సరిచూసుకుని పోస్టులో వేశాను. బ్రాంచి పోస్టాఫీసు ద్వారా బడికే చేరింది. పిల్లలు ఆ పుస్తకాలు పట్టుకుని వరండాలో కూర్చున్న ఫొటో పంపారావిడ. దేశంలో 1,60,000 పైచిలుకు పోస్టాఫీసులున్నాయనీ, అందులో దాదాపు 90 శాతం పల్లెల్లోనే ఉన్నాయనీ నాకు ముందే తెలుసు. ఆ మాటకు అర్థం ఆ ఫొటోలో కనిపించింది. ఈ పని ఇంకెవరూ చేయరు, చేయలేరు. అందుకే మీకు రాస్తున్నాను.

దశాబ్దాల తరబడి పుస్తకాలకు తపాలాలో వేరే ధర ఉండేది. మా ఇంట్లో నాన్నగారు ప్యాకెట్టు కొసలు తెరిచి ఉంచి, లోపల పుస్తకమే ఉందని కనబడేలా దారం కట్టి, పైన "బుక్ పోస్టు" అని పెద్దక్షరాలతో రాయడం చిన్నప్పుడు చూశాను. ఆ రెండు మాటలకూ చాలా విలువుండేది. పాత నవలల వెనక పేజీల్లో "వి.పి.పి. ద్వారా పంపబడును" అన్న ప్రకటన ఇప్పటికీ నా చేతికి తగులుతుంటుంది. తెలుగు ప్రచురణ రంగం మారుమూలలకు పాకింది ఈ దారిలోనే. 2024 డిసెంబరులో బుక్ పోస్టు ఆగిపోయింది. చిన్న ప్రచురణకర్తలూ మాలాంటివాళ్లూ గట్టిగా బాధపడ్డారు. మీరు విన్నారు. 2025 మే 1న జ్ఞాన్ పోస్టు మొదలైంది. 300 గ్రాములకు 20 రూపాయల దగ్గర మొదలై 5 కిలోలకు 100 రూపాయల వరకు, దేశమంతటా ఒకే ధర, పైగా ట్రాకింగ్. ఇందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అయితే జ్ఞాన్ పోస్టు తలుపు దగ్గర నిలబడి ఆలోచించాల్సి వస్తోంది. ఏ పుస్తకం లోపలికి వెళ్తుంది, ఏది వెళ్లదు?

గుర్తింపు ఉన్న బోర్డులు, విశ్వవిద్యాలయాల సిలబస్ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలు వెళ్లవచ్చు. వాణిజ్య స్వభావం ఉన్నవి, ప్రకటనలున్నవి వెళ్లకూడదు. క్రమం తప్పకుండా వెలువడే పత్రికలు వెళ్లకూడదు. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. కొత్త పాఠ్యపుస్తకం పంపేవాళ్లకు ఇవి తేలికైన నియమాలే. నా అలమారు ముందు నిలబడి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్న అవుతుంది.

డిటెక్టివ్ నవల సాంస్కృతిక గ్రంథమేనా? నా మటుకు నాకు అవుననే అనిపిస్తుంది. ఒక తరం తెలుగువాళ్లకు చదవడం అలవాటు చేసినవి ఆ చిన్న సైజు నవలలే. అయితే ఆ నిర్ణయం నాదీ కాకూడదు, పొద్దున్నుంచి వరస తగ్గని కౌంటరులో కూర్చున్న ఉద్యోగిదీ కాకూడదు. వంటల పుస్తకం? సినిమా పాటల పుస్తకం? చిన్నపిల్లల బొమ్మల పుస్తకం సిలబస్‌లో ఉండదు, మరి అది విద్యా సామగ్రి అవునా కాదా? అమ్ముతున్నాను కాబట్టి నా ప్యాకెట్టు వాణిజ్యమవుతుందా, లేక వాణిజ్యమన్న మాట పుస్తకంలో ఉన్న విషయానికేనా?

చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలైంది. అది ఇప్పుడు రావడం లేదు. అరవైల నాటి సంచికలు పన్నెండు కలిపి కుట్టిన బైండు ఒకటి నా దగ్గరుంది. నిబంధన అక్షరాలా చదివితే అది పత్రిక. వచ్చే నెల సంచిక లేని పత్రిక ఇంకా పత్రికేనా? ఇంకో రకం కూడా ఉంది. మన ఇళ్లలో అమ్మమ్మలు వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, నవల పూర్తయ్యాక బైండు చేయించుకునేవాళ్లు. తర్వాత పుస్తకంగా రాని సీరియళ్లు అలాంటి బైండుల్లోనే మిగిలాయి. కథ పేజీ వెనకవైపు తలనూనె ప్రకటన, సబ్బు ప్రకటన ఉంటాయి. ఆ ప్రకటనల సరుకు ఇప్పుడు ఏ దుకాణంలోనూ లేదు. ప్రచురణకర్త పేరు సరేసరి, ఆ బైండు మీద బైండు చేయించుకున్నావిడ పేరే ఉంటుంది. మొదటి పేజీలు చిరిగిపోయిన పుస్తకాల సంగతీ ఇంతే. చెదలు తిన్నది సరిగ్గా పేరున్న పేజీనే అయితే ఆ పుస్తకం ఇరవై రూపాయల దారికి అనర్హమైపోతుందా? పరిశోధకులు వెతికేది ముఖ్యంగా ఇలాంటి వాటికోసమే. చెన్నైలో, బరంపురంలో, హోసూరులో, బెంగళూరులో ఉండి వీటికోసం నాకు ఫోను చేసేవాళ్లున్నారు.

అందుకని నేను కోరేది ధర తగ్గించమని కాదు. చవగ్గా మోయడంలో శాఖకు ఎంతో కొంత భారం ఉంటుందని నాకు తెలుసు. 20ని 30 చేసినా నేనూ నా పాఠకులూ ఆనందంగా కడతాం. కావలసింది నిర్వచనం. అచ్చయి, కుట్టో అంటించో ఉన్న పుస్తకం ఏదైనా, విషయం ఏదైనా, పంపేది ప్రచురణకర్త అయినా గ్రంథాలయమైనా ఇంటి నుంచి అమ్ముకునే నాలాంటివారైనా, జ్ఞాన్ పోస్టులో వెళ్తుందని రాయండి. ప్రచురణ ఆగిపోయిన పత్రికల పాత సంచికలను, బైండులను పుస్తకాలుగా లెక్కించండి. పేరు పేజీ పోయిన పాత పుస్తకానికి పంపినవారి హామీ సంతకం చాలనండి. ఆ మాటలు తెలుగులో, తమిళంలో, ఒడియాలో, ప్రతి భాషలో ప్రతి కౌంటరు దగ్గరా అంటించండి. అప్పుడు ఉద్యోగికీ సందేహం ఉండదు, మాకూ ఉండదు.

ఇంకొకటి అడగాలని ఉంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. వేగం కావలసినవాళ్లకు అది మంచిదే. నాకు వేగంతో పని లేదు. ముప్ఫై ఏళ్లుగా ఒక నవల కోసం వెతుకుతున్న మనిషి ఇంకో పది రోజులు ఆగుతారు. జ్ఞాన్ పోస్టు నేల మీద, నెమ్మదిగా వెళ్తుంది, నాకు అదే సరిపోతుంది. ఇలాంటి నెమ్మది దారే, ట్రాకింగ్ నంబరుతో, పుస్తకాలు కాని చిన్న సరుకులకూ ఉంటే బాగుండునని మా గ్రూపులో చాలామంది అంటారు. మా వీధిలోనే ఒకావిడ చేత్తో కుట్టిన బట్ట సంచులు అమ్ముతుంది. సంచి 150 రూపాయలు, బరువు నా నవలంతే. ఆవిడ కోసం కూడా ఒకసారి ఆలోచించండి.

ఇది రాస్తున్న బల్ల మీద రేపటికి నాలుగు ప్యాకెట్లున్నాయి. భివండీ నవల, పాడేరు టీచరుగారు మళ్లీ అడిగిన కథల పుస్తకాలు, చెన్నైకి వెళ్లాల్సిన చందమామ బైండు, బరంపురం పరిశోధకుడు అడిగిన పేరు లేని సీరియల్. వాన పడితే తడవకుండా లోపల పాలిథీన్ చుట్టాను, బరువు పెరగకుండా అట్ట రెండు వైపులే పెట్టాను. అన్నిటి మీదా చిరునామాలు రాశాను. పైన ఏ సర్వీసు పేరు రాయాలో తేలక ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
విజయవాడ నుంచి పాత పుస్తకాలు అమ్ముకునే ఒక పాఠకురాలు