తలల లెక్క సరే, దూరం లెక్కేది?

ఖతార్ కార్మిక చట్టం పనిచోట వైద్య సాయాన్ని మనుషుల సంఖ్యతో కొలుస్తుంది. 2004లో వచ్చిన ఈ 14వ నంబరు చట్టం ప్రకారం, ప్రతి 5 నుంచి 25 మందికి ఒక ప్రథమ చికిత్స పెట్టె పెట్టాలి. కార్మికులు 100 దాటితే పూర్తికాలపు నర్సు, 500 దాటితే డాక్టరు, నర్సు ఉన్న క్లినిక్ తప్పనిసరి. దూరం ఊసు ఈ లెక్కలో లేదు. దుఖాన్ వైపు ఎడారిలో గొట్టాలు పరిచే 60 మందికి ఈ పెట్టెలు చాలు. దోహాలో పెద్దాసుపత్రి పక్కనే 110 మంది పనిచేస్తే నర్సు ఉండాలి. పైగా ఒక పెద్ద పనిని పది మంది సబ్‌కాంట్రాక్టర్లు పంచుకుంటే ఎవరి లెక్క వారిదే. ఎవరికీ వంద దాటకపోవచ్చు.

ఖతార్‌లో అంబులెన్సుల కొరత ఉందని కాదు. 999కి ఫోన్ చేస్తే హమద్ మెడికల్ కార్పొరేషన్ బండి వస్తుంది, హెలికాప్టర్ కూడా ఉంది. దోహాలో 10 నిమిషాల్లో, బయట 15 నిమిషాల్లో చేరాలన్నది లక్ష్యం. రాస్ లఫాన్ వంటి గ్యాస్ కేంద్రాల్లో కంపెనీలకు సొంత వైద్య ఏర్పాట్లున్నాయి. చిక్కంతా ఈ రెంటికీ మధ్య మిగిలిపోయిన చిన్న క్యాంపులది.

వడదెబ్బ సంగతే చూడండి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి మాట తడబడుతుంటే, అరగంటలోపు ఆ వేడి దించాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. ఐసు నీళ్ల తొట్టి, థర్మామీటరు, ఆ రెంటినీ వాడడం తెలిసిన పారామెడిక్ పనిచోటే ఉండాలి. హెలికాప్టర్ ఎంత వేగంగా వచ్చినా ఆ మొదటి నిమిషాలు తిరిగి రావు. 2021లో ఖతార్ నిబంధనలు గట్టిపరిచింది: జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. ఎండతో పాటు గాలిలో తేమను కూడా కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. మంచి అడుగే, సందేహం లేదు. అయితే అది జబ్బు రాకుండా చూసేది. వచ్చాక ఏం చేయాలన్నది వేరే ప్రశ్న.

పారామెడిక్‌ ఉంటే మరో ప్రయోజనం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పడిపోయిన మనిషి ఒంటి వేడి ఎంత, నాడి ఎలా ఉంది, అప్పటిదాకా ఏ పని చేశాడు అన్నది మొదట రాసిపెట్టేది అతనే. ఆ కాగితం లేకపోతే మరణ ధ్రువపత్రంలో 'సహజ కారణాలు', 'గుండె ఆగింది' అనే మాటలే మిగులుతాయి. గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు? 2021లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ పరిశీలించిన 18 ధ్రువపత్రాల్లో 15 అసలు కారణమేమిటో చెప్పలేదు. పని వల్ల పోయిన ప్రాణమని తేలకపోతే యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదు. తెలంగాణలోని జగిత్యాలకో సిరిసిల్లకో శవపేటిక వస్తుంది, డబ్బు రాదు.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయానికి ఉత్తర్వులిచ్చింది. చనిపోయాక ఇచ్చే డబ్బుకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: ఈ ఉద్యోగంలో పని ఎక్కడ, ఆసుపత్రి ఎంత దూరం, పనిచోట పారామెడిక్ ఉన్నాడా? ఏజెంటు చేతిలోని కాంట్రాక్టులో జీతం, తిండి, బస గడులున్నట్టే ఈ మూడింటికీ గడులుండాలి. ఖతార్‌తో మాట్లాడే మన దౌత్యవేత్తలు కూడా కార్మికుల సంఖ్యతో పాటు దూరాన్నీ లెక్కగట్టే నియమం కోరాలి. సబ్‌కాంట్రాక్టర్ల మనుషులందరినీ ప్రధాన కంపెనీ ఖాతాలోనే కలిపి లెక్కించాలని పట్టుబట్టాలి.