పక్కన కూర్చున్న మనిషి

వడ్డేపల్లిలో మగ్గమున్న ఒక ఇంట్లో ‘ఈ చీర ఎవరు నేశారమ్మా?’ అని అడిగాను. ‘మా ఆయన నేస్తడక్కా, నేను పక్కన కూసుంట’ అందామె.

ఆ కూర్చోవడమేమిటో చూస్తేగాని నాకు తెలియలేదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు. అంచు, కొంగు పట్టు. రెండూ కలిసేచోట పేక పోగుల్ని ఒకదానితో ఒకటి పెనవేయాలి. కుప్పడం అంటారు. దానికి రెండో మనిషి చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఆమెది. కండెలు చుట్టేదీ ఆమే. ఆకుపచ్చ అంచుకు మామిడిపండు రంగు ఒళ్లు కలుపుదామన్నదీ ఆమేనట. పక్కింటి వదిన మగ్గం మీద కోటకొమ్ము అంచు చూసి, దాన్ని కాస్త చిన్నది చేయించింది. వదినకు కోపం రాలేదు. ఆమె కూడా ఇంకెవరి దగ్గరో చూసిందే కదా!

2003లో అమెరికా ప్రొఫెసర్ హెన్రీ చెస్‌బ్రో ‘ఓపెన్ ఇన్నొవేషన్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. కంపెనీలు తమ గోడల బయటి ఆలోచనల్ని కూడా వాడుకోవాలని దాని సారం. మన నేత వాడల్లో ఆ గోడలు ఎప్పుడున్నాయి గనక? వదినా మరదళ్ల మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగాలని నేననను. నా పేచీ వేరే. ఆలోచన ఆమె ఇంటినుంచి షాపుదాకా వెళ్తుంది. తిరిగి ఆమెదాకా వచ్చేది మగ్గం కూలి, అదీ భర్త చేతికి.

గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టం చేతివృత్తుల సరుకు విషయంలో తయారుచేసేవారినే కాదు, దానితో వ్యాపారం చేసేవారిని కూడా ఉత్పత్తిదారులే అంటుంది. షాపు యజమానికి అందులో చోటుంది. 2019-20 చేనేత గణన లెక్కలో నేతపనివారిలో నూటికి డెబ్బైమందికి పైగా స్త్రీలే. మరి ఆమె?

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి భుజాలు నొప్పెడుతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. నొప్పి ఎవరిదో ఆ పేరులోనే ఉంది. గద్వాల అంచుల మీద ఏ ఆడమనిషి పేరుంది?

అధీకృత వినియోగదారుగా నమోదుకు ఉత్పత్తిదారులెవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చునని వడ్డేపల్లిలో ఆమెకు చెప్పాను. ‘ఇంట్ల ఒకరి పేరుంటే సాలదా అక్కా?’ అంది. ఇంటికి ఒక్కరేనని చట్టంలో ఎక్కడా లేదు. ఆ మాట చెప్పగానే ఆమె మగ్గం వైపు కాదు, భర్త వైపు చూసింది.