పడవలో ఏసీ ఉందా?

పెద్దాపురంలో పాపికొండల ప్రయాణం తెల్లవారకముందే మొదలవుతుంది. పులిహోర రాత్రే కలిపేసి ఉంటారు. చీకటుండగానే వ్యాన్ ఏడీబీ రోడ్డెక్కుతుంది. కిటికీలోంచి మరిడమ్మ తల్లికి ఓ దణ్ణం. రాజానగరం దాటి రాజమండ్రి చేరేసరికి పిల్లలు నిద్రలేచి ‘గోదారేదీ?’ అంటారు. ఒకప్పుడు రాజమండ్రిలోనో, పట్టిసీమ దగ్గరో, పురుషోత్తపట్నం రేవులోనో లాంచీ ఎక్కేసేవారు. పోలవరం పనుల కోసం 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించాక ఆ సంబరం పోయింది. ఇప్పుడు డ్యాముకు ఎగువన, గండిపోచమ్మ గుడి వైపు వెళ్లి ఎక్కాల్సిందే.

అంతకు నాలుగు రోజుల ముందు, టికెట్లు చెప్పేటప్పుడు ఇంటి పెద్దాయన ఫోన్లో వరసగా ప్రశ్నలు వేస్తాడు. పడవలో ఏసీ ఉందాండీ? టిఫిన్ ఏం పెడతారు? మధ్యాహ్నం నాన్‌వెజ్ ఉంటుందా? ఆడవాళ్లకు బాత్రూమ్ వేరేగా ఉందా? పిల్లలకు డ్యాన్సులూ అవీ ఉంటాయా?

అడగాల్సిన ప్రశ్నలే. లక్షలు పోసి దక్షిణ ధ్రువానికి ఓడ ఎక్కేవాళ్లు అడిగేవీ దాదాపు ఇవే. వాళ్లకొచ్చే జవాబులే వేరు.

నాలుగైదు వేలమందిని ఎక్కించుకుని, షాపింగ్ వీధులూ సినిమాహాళ్లూ మోసుకుంటూ తిరిగే పెద్ద క్రూయిజ్ ఓడల సంగతి కాదిది. వాటికి బొత్తిగా వ్యతిరేకమైన జాతి ఇంకోటుంది. వందమందో రెండొందల మందో పట్టే చిన్న ఓడలు. పెద్ద ఓడలు పోలేని మంచు నీళ్లలోకి, రేవులే లేని దీవుల దగ్గరికి వెళ్తాయి. ‘ఎక్స్‌పెడిషన్ క్రూయిజ్’ అంటారు. అంటే సాహసయాత్రే, కాకపోతే సాయంత్రానికి వేణ్నీళ్ల స్నానం, తెల్లటి దుప్పటి ఉంటాయి.

దీనికి దారి వేసినవాడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో ట్రావెల్ వ్యాపారం పెట్టుకున్నాడు. 1966లో మామూలు యాత్రికులను అంటార్కిటికా తీసుకెళ్లాడు. మూడేళ్లకు, 1969లో, ఆ పనికోసమే ఫిన్లాండ్‌లో ఓ చిన్న ఓడ కట్టించాడు. పేరు లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్. ఎర్రరంగు పొట్టతో బొమ్మలా ఉండేది. వందమంది ప్రయాణికులు. ఆ తర్వాత వచ్చినవన్నీ దాని పిల్లలే అనుకోవచ్చు.

ఇప్పటి పిల్లల దర్జా మాత్రం చెప్పనలవి కాదు. 2018లో నీళ్లలో దిగిన ఫ్రెంచి ఓడ ‘ల లాపెరూజ్’లో నీటిమట్టానికి అడుగున ఓ గది ఉంది. సోఫాలో కూర్చుని, గ్లాసు చేత్తో పట్టుకుని, అద్దంలోంచి సముద్రం లోపల చేపల్ని చూడొచ్చు. 2019లో వచ్చిన ‘సీనిక్ ఎక్లిప్స్’లో రెండు హెలికాప్టర్లు, ఓ బుల్లి జలాంతర్గామి ఉన్నాయి! ప్రయాణికులు 228 మందే. ధ్రువప్రాంతాల్లో అయితే రెండొందలకు మించి ఎక్కించుకోదు. ఇంత డబ్బు పెట్టి కట్టినవాళ్లు ఇంకో ఐదొందల మందికి గదులు వేసుకోలేకనా? అంటార్కిటికాలో టూర్ కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. ఒకచోట ఒకసారి వందమందికి మించి ఒడ్డున దిగకూడదు. ఐదొందల మందికి పైగా ఎక్కిన ఓడ అయితే అసలెవర్నీ దింపకూడదు. దూరం నుంచి పెంగ్విన్లకు చెయ్యూపి వెనక్కి రావాల్సిందే. అంచేత ఓడ ఎంత చిన్నదైతే అంత గొప్ప.

ఈ ఓడల్లో అసలు ముచ్చటైన గది మాత్రం జలాంతర్గామిదీ కాదు, స్పాదీ కాదు. ‘మడ్ రూమ్’ అంటారు. తెలుగులో బురదగది అనుకోండి. ఒడ్డుకు వెళ్లొచ్చినవాళ్లు రబ్బరు పడవలు దిగి, బూట్లు బ్రష్షుతో తోముకుని, మందునీళ్లలో ముంచి, కొక్కేనికి తగిలించే చోటు. దిగబోయే ముందూ అంతే. ఒక దీవి మట్టి, ఒక మొక్క గింజ ఇంకో దీవికి పోకూడదని జాగ్రత్త. బట్టల జేబుల్లో, మడతల్లో ఇరుక్కున్న గింజల్ని కూడా వెతికి తీస్తారు. కోటీశ్వరులు వంగి బూట్లు తోముకుంటుంటే పక్కన కుర్ర శాస్త్రవేత్త నిలబడి ‘ఇంకా మట్టుందండీ’ అంటాడన్నమాట. పేరంటాలపల్లిలో ఆశ్రమం దగ్గర దిగిన మన జనం ఒడ్డున వదిలేసి వచ్చే ప్లేట్లూ సీసాలూ గుర్తొస్తే రావచ్చు, తప్పులేదు.

ఇంకో ముఖ్యమైన సదుపాయం బ్రోషర్లలో మెరిసే కాగితం మీద కనపడదు. ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే, ప్రయాణికులందర్నీ ఒకచోట పోగుచేస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎవరు ఎక్కడికి రావాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి, ఏ పడవలోకి ఎక్కాలి... అంతా చేసి చూపిస్తారు. ఎంత పెద్ద సూట్ తీసుకున్నవాళ్లయినా రావాల్సిందే. మనిషికో జాకెట్, దానికో ఈల, ఓ దీపం. అవి కాక డెక్కు మీద ఇంకో ఐదు శాతం అదనం. ప్రయాణికుల్లో కనీసం పది శాతం మందికి సరిపడేలా పిల్లల సైజువి ఉండాలి. ఇవన్నీ అంతర్జాతీయ సముద్ర చట్టంలో రాసున్న మాటలు.

రాసుంటే సరిపోతుందా అంటే, ఆ ఎర్ర ఓడ కథే వినాలి. చేతులు మారి ‘ఎక్స్‌ప్లోరర్’ అన్న ఒక్క పేరుతో తిరుగుతున్న ముప్ఫై ఎనిమిదేళ్ల ముసలి ఓడ 2007 నవంబరు 23న అంటార్కిటికా దగ్గర మంచును ఢీకొంది. అర్ధరాత్రి దాటాక గదుల్లోకి నీళ్లు. ఓడలో 154 మంది. అందరూ లేచి, జాకెట్లు కట్టుకుని, లైఫ్ బోట్లలోకీ రబ్బరు పడవల్లోకీ దిగారు. గడ్డకట్టే చలిలో గంటలకొద్దీ కూర్చున్నారు. చివరికి నార్వే ఓడ ఒకటి వచ్చి ఎక్కించుకుంది. ఓడ మునిగిపోయింది. మనుషులు 154 మందీ బతికారు.

అంత దూరం ఎందుకు, మన దేశంలో లేవా అంటే ఉన్నాయి. 2023 జనవరి 13న ప్రధాని మోదీ వీడియో ద్వారా జెండా ఊపిన ‘గంగా విలాస్’ ఈ కోవదే. కోల్‌కతాలో కట్టారు. పొడవు 62 మీటర్లు, మూడంతస్తులు, 18 సూట్లు, 36 మంది ప్రయాణికులు. వారణాసి నుంచి బంగ్లాదేశ్ మీదుగా అస్సాంలోని దిబ్రూగఢ్ దాకా 51 రోజులు, 3200 కిలోమీటర్లు. మొదటి విడతలో 32 మంది స్విట్జర్లాండ్ వాళ్లు ఎక్కారు. లోపల స్పా, జిమ్, గాజు కిటికీల భోజనశాల, మురుగునీటిని శుద్ధిచేసే యంత్రం కూడా ఉన్నాయి. లోపలి అలంకరణ చేసింది కళాచరిత్ర పండితురాలు అన్నపూర్ణ గరిమెళ్ల అంటే మనవాళ్లకి కాస్త సంతోషమే. బయల్దేరిన మూడో నాటికే బీహార్‌లో లోతు చాలక ఆగిపోయిందని వార్తలొచ్చాయి. అబ్బే, ఆగలేదు, ఒడ్డుకు వెళ్లడానికి చిన్న పడవలు వాడామంతే అని అధికారులు ఖండించారు. నదిలో ఓడ అంటే అంతే మరి, ఇసుక ఎప్పుడు ఎటు మేట వేస్తుందో నదికే తెలియాలి.

గోదారిలో అలాంటిది ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబూ ఆ ఇసుకలోనే కొంత ఉంది. ఈ నదిలో ఓడలు నడిపే కల ఇవాళ్టిది కాదు. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పుడు కాలువలు పొలాలకే కాదు, పడవలకు కూడా అనుకున్నాడు. లాకులు అందుకే కట్టారు. అంతటితో ఆగక, పైన మహారాష్ట్ర పత్తిని గోదారి మీదుగా సముద్రానికి తేవాలని 1860లలో పని మొదలుపెట్టించాడు. దుమ్ముగూడెం దగ్గర రాళ్లు అడ్డొచ్చాయి, ఖర్చు పెరిగింది, 1871లో సర్కారు చేతులెత్తేసింది. 2008లో భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు 171 కిలోమీటర్ల గోదారిని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కాగితం మీద అది జలమార్గమే.

అయినా తెలుగువాడి క్రూయిజ్ అంటే గోదారే. 1973లో బాపు ‘అందాలరాముడు’ తీసి రాజమండ్రి నుంచి భద్రాచలం పడవ ప్రయాణాన్ని ఊరూరా చూపించారు. 2006లో శేఖర్ కమ్ముల అదే దారిని ‘గోదావరి’ పేరుతో ఇంకోసారి చూపించారు. ఆ సినిమాలు చూసి లాంచీ ఎక్కినవాళ్లెందరో! మెల్లగా లాంచీలకు కూడా దర్జా వచ్చింది. కింద ఏసీ హాలు, పైన కుర్చీలు, మైకులో వ్యాఖ్యానం, పాటలకు స్టెప్పులేసే కుర్రాళ్లు, వేడివేడి భోజనం. మధ్యతరగతి ఇంటికి ఇంతకన్నా విలాసం ఏం కావాలి?

2018 మే నెలలో నాలుగు రోజుల తేడాతో గోదారి రెండుసార్లు హెచ్చరించింది. 11న దేవీపట్నం మండలంలో టూరిస్టు బోటు ఒకటి తగలబడింది. అదృష్టం బాగుండి ప్రయాణికులు బయటపడ్డారు. 15న కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకు మునిగింది. వానజల్లు పడుతోందని తలుపులు మూసుకుని లోపల కూర్చున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. వాళ్లు టూరిస్టులు కాదు, పనులమీద తిరిగే గిరిజనులు. నాలుగు రోజులు మాట్లాడుకుని అందరూ మర్చిపోయారు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదారిలో ఐదు లక్షల క్యూసెక్కుల వరద. రాయల్ వశిష్ట అనే బోటులో సిబ్బందితో కలిపి 77 మంది. కచ్చులూరు మందం దగ్గర, సుడులకు పేరుపడ్డ చోట, బోటు తిరగబడింది. తూటుగుంట గిరిజనులు తమ చిన్న పడవలేసుకుని పరుగున వచ్చి అందినవాళ్లను అందినట్టు లాగారు. బతికింది 26 మంది. జాకెట్ ఒంటి మీద ఉండటం వల్లే తేలామని చెప్పినవాళ్లే వాళ్లలో ఎక్కువ. బోటు అడుగున రెండొందల అడుగుల లోతులో ఉండిపోయింది. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి, తాళ్లతో, లంగర్లతో పట్టుపట్టి, 38వ రోజున, అక్టోబరు 22న బయటికి లాగింది. లోపల ఇంకా మృతదేహాలున్నాయి.

మంచు సముద్రంలో అర్ధరాత్రి 154కి 154. ఇంటి పెరడులాంటి నదిలో పట్టపగలు 77కి 26. రెండు ప్రమాదాలూ ఒక్కలాంటివి కావు, ఓడ మునగడానికి గంటలు పట్టింది, బోటుకు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ అంత వరదలో బోటు రేవు దాటకుండా ఆపగలిగే సమయం బోటు కదలకముందు బోలెడంత ఉంది.

ఆ తర్వాత బోట్లు ఆపేశారు. ప్రయాణికుల లెక్క, బోటు కదలికలు, వరద మట్టం చూసేందుకు కంట్రోల్ రూములు పెట్టారు. 2021లో మళ్లీ పడవలు కదిలాయి. నీళ్లు ఎక్కువైతే ఆపేస్తున్నారు కూడా. అలా ఆపినప్పుడు రేవులో గొడవపడేది మన జనమే. ‘అంత దూరం నుంచి వచ్చాం, కాస్త అటు తిప్పి తీసుకొచ్చేయండి’ అని. వ్యాన్ అద్దె దండగైందన్న బాధ ఎవరికైనా ఉంటుంది. అలాంటి రోజు గట్టు మీద కూర్చుని పులిహోర తినేసి వెనక్కొచ్చినా పెద్దగా పోయేదేం లేదు.

వెళ్లనిచ్చిన రోజున ఎక్కగానే జాకెట్లు ఇస్తారు. అందరూ కట్టుకుంటారు, ఫొటోలు దిగుతారు. అసలు తంటా మధ్యాహ్నం వస్తుంది. ఎండ, చెమట, జాకెట్ వాసన. భోజనానికి కూర్చునేటప్పుడు ఒకరు విప్పి కుర్చీకి తగిలిస్తారు. వాళ్లను చూసి పక్కవాళ్లు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అది ఎవరి దిండో అయిపోయి ఉంటుంది. పెద్దలది పిల్లాడికి తొడిగితే ఇంకో చిక్కు, నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు.

పెద్దాపురంలో ఫోన్ చేసే ఆ ఇంటి పెద్దాయన ఏసీ గురించి అడగొచ్చు, కోడికూర గురించీ అడగొచ్చు. వాటితోపాటే ఇదీ అడగాలి: ‘మావాడికి ఐదేళ్లండీ. వాడి సైజు జాకెట్ ఉందా?’